మూడో రింగు

ఆషాఢం, 2వ రోజు

ఈ పుస్తకం ధరల మండలి వారు పంపారు. తీగలు చూసే ప్రతి లైన్‌మ్యానూ రోజూ జరిగింది జరిగినట్టు ఇందులో రాయాలట. నా చదువు మూడో తరగతితో ఆగింది, నోటితో చెప్తాను, ఎవరైనా రాసుకోండి అన్నాను. నోటిమాటకు విలువ లేదన్నారు. నోటిమాటకు విలువ కట్టడానికే కదా ఆ మండలి పెట్టింది! సరే, రాస్తాను.

పేరు గుబ్బల భూలోకం. వయసు డెబ్భై ఒకటి. నిచ్చెన లేకుండా తాటిస్తంభం ఎక్కగలను. దీనికీ రుజువు కావాలంటే వచ్చి కింద నిలబడండి.

ఈరోజు పని: ఆకాశం నుంచి చేటంత ఇనప ముక్క రాలి రేవు దగ్గర తీగ తెగింది. అతుకు వేశాను. పైన తిరిగే యంత్రాలన్నీ ఒకదాన్నొకటి గుద్దుకుని పొడైపోయి ముప్పై ఏళ్లయినా ఇంకా రాలుతూనే ఉన్నాయి. జేబుఫోన్లు అప్పటి నుంచీ బుస కొట్టడం తప్ప ఏమీ చేయవు. మా ఇంట్లో ఉన్నదాన్ని బల్ల కోడు కింద పెట్టాను. అప్పట్నుంచి బల్ల ఊగడం లేదు. అది కొన్నాక నాకు పనికొచ్చింది ఇప్పుడే.

ఆషాఢం, 4వ రోజు

రోజూ తీగ తెగదు కదా, ఏం రాయమంటారు అని మండలికి కబురు పెట్టాను. ధరల సంగతి రాయమన్నారు. బాగుంది. మీరు చేసిన ఘనకార్యాలు మీకే చదివి వినిపిస్తాను.

ఫోనులో మాట్లాడితే నిమిషానికి రెండు రాగిబిళ్లలు. అంతకు మించి తీసుకోకూడదని మండలి మా కంపెనీకి గట్టిగా చెప్పింది. మా మేనేజరు చెల్లారావు గారు బుద్ధిమంతుడు, ఒక్క బిళ్ల కూడా పెంచలేదు. నిమిషాన్ని నలభై సెకన్లు చేశాడు. జనం గోల పెడితే మండలి రెండేళ్లు విచారణ జరిపి, ముప్పై రెండు పేజీల తీర్పిచ్చింది. నిమిషం అంటే అరవై సెకన్లట. మా ఊళ్లో గోడగడియారానికి ఆ సంగతి ముందే తెలుసు, దాన్నెవరూ అడగలేదు.

అప్పుడు చెల్లారావు గారు పిడి అరుగుదల రుసుము పెట్టాడు. ఫోను పిడి తిప్పితే అరుగుతుందట. మండలి దాన్నీ కొట్టేసి, పాపం కంపెనీకి నష్టం రాకూడదని మధ్యేమార్గం చెప్పింది. మాట్లాడిన వాడే కాదు, ఫోను ఎత్తిన వాడు కూడా సగం కట్టాలి.

ఆ రోజు నుంచి మా దగ్గర ఫోను ఎత్తేవాడు లేడు. మోగితే వింటారు. అంతే.

ఆషాఢం, 5వ రోజు

ఎత్తకపోతే ఫోను దేనికని మండలి వారు అనుకోవచ్చు. మా అమ్మ కాలంలోనే జేబుఫోన్లతో మిస్డ్ కాల్ ఇచ్చి పని జరుపుకున్న జాతి మాది. ఇప్పుడూ అదే.

గోదావరి పాయ మధ్యలో గువ్వలలంక ఉంది. పదకొండు ఇళ్లు, ఇంటికో ఫోను, తుఫాను షెల్టరు మేడ మీద ఇంకోటి, అన్నిటికీ ఒకటే తీగ. ఒకరు పిడి తిప్పితే అన్నీ మోగుతాయి. ఇవతల రేవులో నా ఇల్లు, పడవ నడిపే కామేసు ఇల్లు కూడా ఆ తీగ మీదే. ఒక రింగు అంటే నేనున్నాను, బాగున్నాను అని. రెండు అంటే పడవ పంపు. మూడు అంటే పైన ఆనకట్ట గేట్లు ఎత్తారు, నీళ్లు వస్తున్నాయి, తుఫాను షెల్టరు మేడ ఎక్కండి. గేట్ల దగ్గర వాళ్లు పేటలో ఎక్స్‌ఛేంజీకి చెప్తారు. అక్కడ కూర్చునే దేవుడమ్మ లంకకు మూడు కొడుతుంది. ఈ పద్ధతి మీద ఇరవై ఆరేళ్లలో ఒక్క మనిషి పోలేదు. ఒక్క బిళ్ల ఖర్చు కాలేదు.

రోజూ పొద్దున్న ఆరింటికి ఒక రింగు వస్తుంది. అది నా బావ అబ్బులుది. నా చెల్లెలి మొగుడు. చెల్లెలు పోయింది, బావ లంకలో మిగిలాడు. పన్నెండేళ్ల కిందట అతని అరటితోటలో నేను స్తంభం పాతాను. రెండు బారలు పక్కకు జరపమన్నాడు. తీగ వంకర పోదు, నేనూ పోను అన్నాను. అప్పట్నుంచి మాకు మాటల్లేవు. ఆ స్తంభానికి గేదెను కట్టేస్తాడు, నన్ను కట్టేసినట్టు. కానీ ఆరింటికి రింగు ఇస్తాడు. నేను తిరిగి ఇవ్వను. తప్పెవరిదో తేలకుండా ఎలా ఇస్తాను?

ఆషాఢం, 9వ రోజు

మండలి నుంచి తనిఖీకి ప్రసూనాంబ గారు వచ్చారు. మెత్తని మనిషి, గట్టి ఫైలు. నాలుగు రోజులు నా వరండాలో కూర్చుని ఏది మోగినా గీత గీశారు. లంక తీగ మీద మాటలు తొమ్మిది. రింగులు ఆరు వందల పన్నెండు.

“ఇన్ని రింగులేంటి భూలోకం గారూ? ఒక్కరూ ఎత్తరేం?”

ఇక్కడే నేను గడ్డి తిన్నాను. పెద్ద ఆఫీసరు నన్నడిగింది కదా అని మీసం తిప్పి మొత్తం చెప్పాను. ఒకటి అంటే ఇది, రెండు అంటే ఇది, మూడు అంటే ఇది. దేవుడమ్మ ఎలా కొడుతుందో చేత్తో తిప్పి మరీ చూపించాను. ఆవిడ కళ్లు మెరిశాయి. నా తెలివికి మురిసిపోయిందనుకున్నాను.

“అంటే ఇది ఒక సేవ అన్నమాట.”

“ఆయ్, మా గొప్ప సేవండి.”

“దీనికి ధర ఎంత?”

“ధరేంటండి బాబూ! పైసా లేదు.”

“అదే ఇబ్బంది,” అన్నారావిడ. “ధర లేని సేవను మేం నియంత్రించలేం. నియంత్రణ లేకపోతే రేపు కంపెనీ ఎంతైనా వసూలు చేయొచ్చు. ఆ పేదవాళ్లకు రక్షణ లేదు.”

ఇల్లు కాలకుండా ముందే తడిపి కూలగొట్టేవాళ్లని అంతకుముందు చూడలేదు.

ఆషాఢం, 19వ రోజు

నిమిషం ఎంతో తేల్చడానికి రెండేళ్లు. రింగుకు ధర కట్టడానికి పది రోజులు. మండలి బద్ధకిస్తుందని ఎవరైనా అంటే ఇక నేను ఊరుకోను.

తీర్పు ఇది. రెండు రింగుల దాకా ఉచితం. మూడోదానికి ఒక బిళ్ల, అంతకు మించి కంపెనీ తీసుకోరాదు. జనం తెలియక మూడోది కొట్టి నష్టపోకుండా, తీగకు రింగుల పెట్టె బిగించాలి. రెండు రింగులు వెళ్లాక అది పావుగంట దాకా మూడోదాన్ని దాటనివ్వదు. మూడోది కావాలంటే ముందుగా కంపెనీ ఆఫీసుకు వెళ్లి, బిళ్ల కట్టి, చీటీ తెచ్చుకోవాలి.

గేట్లు ఎత్తాక నీళ్లు లంకకు చేరడానికి ముప్పావు గంట. ఆఫీసు పదింటికి తెరుస్తారు. మధ్యాహ్నం భోజనానికి మూస్తారు. నీళ్లు ఈ వేళలు చూసుకుని రావాలి.

ఆషాఢం, 21వ రోజు

పెట్టె నేనే బిగించాను. నదికి ఇవతల ఒడ్డున పెద్ద స్తంభం నెత్తిన ఉంది. నది దాటే తీగ కొస ఆ ఇనప పెట్టె కడుపులోంచే మొదలవుతుంది, పక్కనుంచి దూరే సందు లేదు. లక్క సీలు వేశారు. సీలు పగిలితే లంక తీగకు అనుమతి రద్దు, తీగ మొత్తం చుట్టేస్తారట.

కింద నిలబడిన ప్రసూనాంబ గారితో అన్నాను. “అమ్మా, మూడో రింగు అంటే నీళ్లండి. కబుర్లు కాదు.”

“తెలుసండీ. అందుకే ప్రమాద సూచనలకు మినహాయింపు ఉంది. ఫారం ఏడు. కంపెనీ దరఖాస్తు చేస్తే చాలు.”

చెల్లారావు గారి దగ్గరికి వెళ్లాను. ఆయన వేరుశెనక్కాయలు ఒలుచుకుంటున్నాడు.

“మినాయింపంటే ఊరికే ఇవ్వడం కదరా భూలోకం. ఇన్నాళ్లకి మండలోళ్లే ధర పెట్టుకోమంటే, వద్దండి బాబూ అని నేనెల్లి కాళ్లట్టుకోవాలా?”

“నలభై మూడు మందండి అక్కడ.”

“నాలుగేళ్లయింది నీళ్లొచ్చి. వచ్చినప్పుడు చూద్దారి.”

ఒలిచినవి నాలుగు నా చేతిలో పెట్టాడు. మంచివాడే.

ఫారం ఏడు నేనే నింపి పంపాను. నా దరఖాస్తు చెల్లదని జవాబొచ్చింది. అయినా దయతలచి విచారణ తేదీ ఇచ్చారు. కార్తీకంలో. వరదలు అప్పటికి తీసేస్తాయి, తీరుబడిగా మాట్లాడుకోవచ్చు.

ఆషాఢం, 28వ రోజు

లంకవాళ్లు తెలివైనవాళ్లు. షెల్టరులో కూర్చుని తీర్మానం చేసుకున్నారు. మూడు లేదు కాబట్టి ఇక నుంచి రెండు అంటే నీళ్లు. ఒకటి అంటే పడవ. నేనున్నాను అనే రింగు రద్దు. ఉంటే ఉన్నట్టే కదా అని.

అందరూ సరేనన్నారు. నా బావ తప్ప. మర్నాడు ఆరింటికి ఒక రింగు మోగింది. కామేసు పడవేసుకుని లంకకు వెళ్లాడు. రేవులో ఎవరూ లేరు. రెండో రోజూ అంతే. మూడో రోజు అరటితోటకే వెళ్లి అడిగాడట.

“అబ్బులు గారూ, పడవ మీరే పిలిచారా?”

“నేనెందుకు పిలుత్తాను? నాకెక్కడికెల్లే పనుంది?”

“మరి రింగిచ్చారు కదండి.”

“అది నీకు కాదెహె.”

“ఎవరికండి?”

బావ గేదెకు గడ్డి వేసుకుంటూ ఉండిపోయాడట. కామేసు వచ్చి ఇదంతా చెప్పి నా మొహంలోకి చూశాడు. స్తంభానికి చెదపట్టింది చూడాలి అని లేచి వెళ్లిపోయాను. చెదేమీ లేదు.

శ్రావణం, 6వ రోజు

ఇరవై ఆరేళ్ల అలవాటు చేతిలో ఉంటుంది, తీర్మానంలో ఉండదు. మంగళవారం ఒకావిడ సంతకు వెళ్లాలని పాత లెక్కన రెండు కొట్టింది. లంకంతా కోళ్లు, పిల్లలు, బియ్యం మూటలతో మేడెక్కింది. గంట సేపు నది వైపు చూశారు. నది వీళ్ల వైపు చూసింది. గురువారం ఒక ముసలాయన మందుల కోసం రెండు కొట్టాడు. మళ్లీ ఎక్కారు, సగం మంది. శనివారం కూడా రెండు మోగాయి. అప్పుడు ఎక్కింది కోళ్లు మాత్రమేనట, వాటికి అలవాటైపోయి.

ఇది మండలికి రాసి పంపాను. జవాబు వెంటనే వచ్చింది. లంక తీగ మీద రింగులు ఆరు వందల నుంచి వందకు తగ్గాయి, వినియోగదారులకు పొదుపు అలవాటవుతోంది, సంతోషం అని.

శ్రావణం, 10వ రోజు

మధ్యాహ్నం పన్నెండు దాటింది, ఆఫీసు భోజనానికి మూసే వేళ. రేవులో తీగకు చుట్టుకున్న గాలిపటం దారం తీస్తున్నాను. వరండాలో ఫోను రెండు మోగింది.

నా దగ్గర పరీక్ష ఫోను ఉంటుంది. దాంతో ఎత్తితే ధర లేదు. ఎత్తాను. అవతల దేవుడమ్మ ఏడుస్తోంది.

“ఆరు గేట్లు ఎత్తేసారంటండి మావయ్యా! రెండు కొట్టానండి. మూడోది ఎల్లట్లేదు. మాటాడదారంటే ఒక్కరూ ఎత్తట్లేదండి!”

లంక వైపు చూశాను. ఎండ కాస్తోంది. ఆడవాళ్లు మిరపతోటలో కలుపు తీస్తున్నారు. వంటపొగలు లేస్తున్నాయి. షెల్టరు మేడ మీద కోళ్లు ఉన్నాయి.

కామేసును కేకేశాను. “లంకకెంత సేపు?”

“ఈ ఉరవడిలో అరగంట పైనేనండి. అయినా సంతకేమో, రెండేగా కొట్టారు?”

“సంత కాదెహె, నీళ్లు!”

స్తంభం ఎక్కాను. డెబ్భై ఒకటి అని పైన రాశాను, ఆ మాట పైకి వెళ్లేసరికి నా మోకాళ్లు కూడా ఒప్పుకున్నాయి. పెట్టె ముందు చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఇది పగిలితే లంకకు తీగ ఉండదు. పగలకపోతే తీగకు లంక ఉండదు. లక్క సీలు మీద సుత్తితో ఒకటి వేశాను, కొబ్బరి చిప్పలా విడిపోయింది. పెట్టెను పీకి గోదావరిలోకి విసిరాను. పరీక్ష ఫోను తీగకు తగిలించి పిడి తిప్పాను.

మూడు. ఆపాను. మూడు. ఆపాను. మూడు.

కలుపు తీసే ఒకావిడ నడుం ఎత్తింది. పక్కావిడ ఎత్తింది. వేళ్లు ముడుస్తూ లెక్కపెట్టుకున్నారో ఏమో, అంత దూరం కనపడదు. ఒక్కసారి తోటంతా లేచింది. తట్టలు పడేసి పరిగెత్తారు. నాలుగేళ్ల తరవాత మూడు విన్నారు. మూడుకు ఇంకో అర్థం ఎవరూ కల్పించలేదు కదా, అదొక్కటే మిగిలింది వాళ్లకు. నేను తిప్పుతూనే ఉన్నాను. భుజం నాది కాకుండా పోయింది.

అప్పుడు తీగ మీద టక్కుమని చప్పుడు. ఎవరో ఎత్తారు.

“ఏంటి బావా, ఎవరికి పెళ్లి? అన్ని కొడతన్నావ్?”

పన్నెండేళ్లు. గొంతు ముసలిదైపోయింది.

“నీళ్లు, బావా. మేడెక్కు.”

“ఎక్కుతాను. నీ బోడి స్తంభానికి గేదె కట్టేసుంది. ఇప్పుకుని ఎల్తాను.”

“గేదెనొదిలేయ్ ఎహె!”

“ఒదలడానికి అదేవన్నా నువ్వా?”

ఫోను పెట్టేశాడు. నేను మళ్లీ తిప్పాను. పావుగంటకు తీగ బిగుసుకుంది. ఎగువ నుంచి కొట్టుకొచ్చిన చెట్టొకటి దానికి చిక్కుకుని లాగింది. తెగిపోయింది. నీళ్లు ఎర్రగా, ఒడ్డును ఒరుసుకుంటూ వచ్చాయి. వాన కూడా మొదలైంది. లంక కనపడలేదు.

శ్రావణం, 11వ రోజు

తెల్లారింది. వాన పట్టుగా కురుస్తోంది. పాయ దాటడానికి పడవ నిలవదు. ఒడ్డున పెద్ద స్తంభం సగం నీళ్లలో ఉంది. కామేసు పడవను దానికి తాడుతో కట్టాడు, నేను ఎక్కాను. తెగిన తీగ కొస అక్కడే కొక్కేనికి చుట్టుకుని ఉంది. లంక నుంచి వచ్చే కొస చెట్టుకొమ్మతో సహా ఆ స్తంభానికే చిన్న లంగరులా తగులుకుని ఉంది. లాగి, తుడిచి, అతుకు వేశాను. ముప్పై ఏళ్లలో ఇంత చెడ్డ అతుకు వేయలేదు. తప్పు వానది.

ఆరయింది. ఏమీ మోగలేదు.

షెల్టరు మేడ మీద ఒక ఫోను ఉంది. ఇళ్లలోని పదకొండూ నీళ్లలోనే ఉండాలి. ఆరు దాటి అయిదు నిమిషాలు. పది. కామేసు కింద నుంచి నన్నే చూస్తున్నాడు. ఏమైనా అంటే తిట్టి ఉండేవాణ్ణి.

పన్నెండేళ్లలో మొదటిసారి బావ కోసం నేనే పిడి తిప్పాను. ఒకటి.

వాన చప్పుడు. నీళ్ల చప్పుడు. తీగ మీద పిచ్చుక ఒకటి వచ్చి కూర్చుంది, లేచిపోయింది.

ఒకటి మోగింది.

“అయ్ బాబోయ్, ఒకటి కొట్టారండి!” కామేసు తాడు విప్పబోయాడు. “పడవ రమ్మనా అండి?”

“కాదెహె,” అన్నాను. “ఉన్నానని.”

శ్రావణం, 16వ రోజు

నలభై మూడు మందీ ఉన్నారు. గేదెలు పదహారింటిలో పదమూడు. బావ గేదె ఉంది, మేడ మెట్ల మీద నిలబడి దిగనని మొండికేసింది, యజమానిలాగే. అరటితోట పోయింది. స్తంభం ఉంది. కామేసుతో బావ కబురు పంపాడు, స్తంభం ఇప్పటికీ వంకరగానే ఉందని చెప్పమన్నాడట.

ప్రసూనాంబ గారు నోటీసు తెచ్చారు. సీలు పగలగొట్టినందుకు, పెట్టె పోగొట్టినందుకు, పరిమితి మించి రింగులు ఇచ్చినందుకు. ఆవిడ నోటీసు నా చేతికివ్వకుండా చాలాసేపు ఫైలులోనే పట్టుకుని కూర్చున్నారు.

“ఆ రోజు మొత్తం ఎన్ని రింగులు?”

“లెక్కెట్టలేదండి. చెయ్యి ఖాళీ లేదు.”

“లెక్క లేకపోతే జరిమానా ఎలా కడతారు? పైగా మూడోదానికి ధర ఉంది గానీ, ఆ తరవాతి రింగులకు మేం ధర నిర్ణయించలేదు.” ఆవిడ పేజీలు తిప్పారు. “ధర తేలేదాకా ఉల్లంఘన తేలదు. ఉల్లంఘన తేలేదాకా అనుమతి రద్దు చేయలేం. సీలు సంగతి కూడా ఇదే నోటీసులో ఉంది కాబట్టి అన్నిటికీ కలిపి విచారణ జరపాలి.”

“ఎప్పుడండి?”

“నిమిషానికి రెండేళ్లు పట్టింది కదా,” అన్నారు, నా వైపు చూడకుండా. “దీనికి ఇంకా ఎక్కువే పట్టొచ్చు.”

ఆవిడ నవ్వారో లేదో చెప్పలేను. మండలి మనిషి, నవ్వుకు నియమం ఉండే ఉంటుంది. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, ఆ తరవాతి రింగుల ధర గురించి నా అభిప్రాయం కూడా పుస్తకంలో రాయమన్నారు. రాస్తున్నాను. నలభై మూడు మంది, పదమూడు గేదెలు, మేడ మీద కోళ్లు. మీ సూత్రంలో వేసి చూడండి. ఎంత వస్తే అంత చెల్లారావు గారి దగ్గర వసూలు చేయండి.

కొత్త పెట్టె వచ్చేదాకా లంక తీగకు అడ్డేమీ లేదు. పెట్టె తయారు చేయడానికి ధర ఎంతో మండలి ఇంకా తేల్చలేదట. తొందరేమీ లేదు.

ఈరోజు పని: తీగ బాగుంది. పొద్దున్న ఆరింటికి అవతల నుంచి ఒక రింగు, ఇవతల నుంచి ఒక రింగు. మొత్తం రెండు. పరిమితి లోపలే.